మనసులో ఏమైనా?

సోమవారం

ఈ ఉదయం క్యాప్టెన్ గురుమూర్తి గారి ఎడమ బూటులో పీత ఉంది. ఆయన బూట్లు గది బయట మెట్టు మీద వదులుతారు. కాలు పెట్టబోయి ఆగి, బూటు తిరగేశారు. పీత కింద పడి, ఏ తొందరా లేకుండా రెండో లేను వైపు నడిచి వెళ్లింది.

"రాత్రంతా ఉంది సార్, అద్దె అడగాల్సింది," అన్నాడు బషీర్ భాయ్.

"టోల్‌గేట్ నీది. దాటినందుకు నువ్వే వసూలు చెయ్యి," అన్నారు క్యాప్టెన్.

నేను నవ్వాను. నా నవ్వుకి చప్పుడుండదు కాబట్టి వాళ్లకి తెలియలేదు.

మేముండేది పాత హైవే మీది టోల్‌గేట్‌లో. ఒకప్పుడు కార్ల దగ్గర డబ్బు తీసుకున్న గదుల్లో ఒకటి నాది, ఒకటి క్యాప్టెన్ గారిది. ఇంకోదాంట్లో బషీర్ భాయ్ రేడియో పెట్టుకుని కూర్చుంటాడు. మనుషుల్ని దించుకునేదీ, విమానానికి ఇంధనం పోసేదీ కూడా ఆయనే. టోల్‌గేట్ దాటాక రోడ్డు తిన్నగా కొంత దూరం వెళ్లి సముద్రంలోకి దిగిపోతుంది. దిగిపోయేదాకా ఉన్నది మా రన్‌వే.

పొద్దున్నే నా పనులు కొన్ని ఉంటాయి. అద్దం మీద ఉప్పు తుడవాలి. రెక్కల కింద చూడాలి. విమానం ముక్కుకి రెండు పక్కలా ఉన్న గాలి గొట్టాల తొడుగులు తియ్యాలి. ఆ గొట్టాల్లోకి గాలి దూరితేనే మా ముందున్న వేగం ముళ్లు కదులుతాయి. ఎడమ గొట్టం ఆయన ముల్లుకి, కుడి గొట్టం నా ముల్లుకి. తర్వాత నా సీట్లో కూర్చుని బెల్టు కట్టుకుని మాటలు చెప్పాలి. విమానం నడిపేది ఆయన. నా ఉద్యోగం మాటలు చెప్పడం: ఆయన అడుగుతారు, నేను జవాబిస్తాను, ఆఖరి ప్రశ్న మాత్రం నేనూ ఆయన్ని అడుగుతాను. నన్ను రెండో గొంతు అంటారు.

"తలుపులు?"

"వేశాం."

"ఫ్లాప్స్?"

"పదిహేను."

"గీత లోపు ఏదైనా అయితే?"

"ఆగుదాం."

"గీత దాటాక?"

"ఎగురుదాం."

"మనసులో ఏమైనా?"

"ఏమీ లేదు. మీ మనసులో?"

"ఏమీ లేదు."

ఫ్లాప్స్ అంటే రెక్కల వెనక వంగే రేకులు. గీత అంటే రోడ్డుకి అడ్డంగా వేసిన తెల్ల చార. అది దాటాక ఆపితే విమానం సముద్రంలోకి పోతుంది. అందుకని గీత రాగానే క్యాప్టెన్ ఇంజన్ల పిడి మీద నుంచి చెయ్యి తీసేసి ఒళ్లో పెట్టుకోవాలి. ఆపాలన్న ఆశ చేతికి కూడా ఉండకూడదని.

ఆఖరి ప్రశ్న చెవి కోసం. చెవి అంటే మా ఇద్దరి మధ్య ఉన్న చిన్న జాలీ, దాని పైన ఒక దీపం. వెనకటి రోజుల్లో రెండో మనిషికి అనుమానం వచ్చినా, క్యాప్టెన్‌తో అనలేక ఊరుకునేవాడట. అలా చాలా విమానాలు పోయాయి. నోరు దాచినా గొంతు దాచలేదని చెవిని పెట్టారు. అన్ని భాషల వాళ్లకీ ఒకటే చెవి కాబట్టి దానికి మాటలు నేర్పలేదు, గొంతులు నేర్పారు. గొంతులో బెరుకు లేకపోతే దీపం పచ్చ. కాస్త ఉంటే పసుపు. ఎక్కువుంటే ఎరుపు, విమానం కదలదు. ఒకే రోజు మూడుసార్లు ఎరుపు పడితే చెవి మూసుకుంటుంది. దాన్ని తెరిచే ఇంజనీరు రాజధాని నుంచి రావాలి.

ఇవాళ ఆయన "ఏమీ లేదు" అన్నప్పుడు దీపం పసుపు అయింది. ఆయన గొంతు సవరించుకుని మళ్లీ అన్నారు. పచ్చ వచ్చింది కానీ, రావడానికి సమయం పట్టింది.



మంగళవారం

మెరకపేట ఇప్పుడు దీవి. చుట్టుపక్కల ఊళ్లు మునిగినప్పుడు అది మునగలేదు, ఎత్తున ఉంది కాబట్టి. ఇప్పుడు దాని కట్ట కరుగుతోంది, బావులన్నీ ఉప్పయ్యాయి. జనాన్ని మేము తెస్తున్నాం. పడవలు తిరగవు. మునిగిన ఊళ్ల కరెంటు స్తంభాలు, డాబాల పిట్టగోడలు నీళ్ల కిందే ఉండి పడవల అడుగులు చీల్చేస్తాయి. హెలికాప్టర్లని పెద్ద ఊళ్లకి తీసుకుపోయారు.

అక్కడ మా రన్‌వే కట్ట మీది రోడ్డు. దిగేసరికి అప్పలనర్సమ్మ గారు కర్ర పట్టుకుని నిలబడి ఉంటుంది. ఆవిడ గురుమూర్తి గారి అక్క. వాళ్ల యాసలో అక్కంటే అప్ప, ఊరంతా ఆవిడని అలాగే పిలుస్తుంది. ఎవరు ఎప్పుడు ఎక్కాలో ఆవిడే చెబుతుంది. ఎవరింట్లో మంచినీళ్లు ముందు అయిపోతే వాళ్లు ముందు, అదీ పద్ధతి. తొందరగా ఎక్కుదామని కుండలో నీళ్లు ఒలకబోసుకున్న ఒకాయన్ని వరస చివరికి పంపింది. ఆయన ఇవాళ కూడా చివరే నిలబడి, ఎవరి వైపూ చూడకుండా గోళ్లు గిల్లుకుంటున్నాడు.

నన్ను చూసి ఆవిడ, "ఒరే గురువా, ఈ గుంటకి తిండెడతన్నావా నేదా? గాలొస్తే దానంతటదే ఎగిరిపోద్ది, దీనికి ఇమానమెందుకు?" అంది.

"ఈ పాలి నువ్వెక్కియ్యప్పా," అన్నారు క్యాప్టెన్.

"ఎక్కుతాన్లే. అందరూ ఎక్కినాక నానెక్కుతాను. ఇప్పుడు నానెక్కితే ఈల్లనెవుడు వరసెడతాడు, మీ బాబొచ్చి ఎడతాడా?"

"మీ బాబూ ఆడే గదే."

"అందికే సెప్తన్నాను. ఆడు రాడని నాకు తెలుసు."

వరసలో వాళ్లు నవ్వారు. ఆయన కూడా నవ్వి లోపలికొచ్చి బెల్టు కట్టుకున్నారు. మాటలు మొదలయ్యాయి. ఆఖరి ప్రశ్నకి ఆయన జవాబు చెప్పగానే దీపం ఎర్రబడింది.

వెనక ముసలివాళ్లు, బిడ్డల తల్లులు ఉన్నారు. వాళ్లకి దీపం సంగతి తెలియదు. ఇంజన్లు తిరుగుతున్నాయి, విమానం కదలడం లేదు, అంతే. బయట అప్పలనర్సమ్మ గారు రెక్క మీద కర్రతో కొట్టింది. "ఏటయ్యిందిరా?"

ఆయన కళ్లు మూసుకున్నారు. రెండోసారి కూడా ఎరుపే. నేను నీళ్ల సీసా అందించాను. తాగి, ఆ ప్రశ్న నన్ను మళ్లీ అడగమన్నారు.

"మీ మనసులో?"

"ఏమీ లేదు."

పసుపు. చాలాసేపు పసుపే. తర్వాత పచ్చ.

దారిలో అన్నారు, "అక్కడ దాన్నొదిలి ఎగురుతూ మనసులో ఏమీ లేదనాలి తల్లీ. రోజూ అనాలి."

 అప్పటికి ఎగిరి కాసేపయింది, చెవి వినడం మానేసింది, ఏదైనా అనొచ్చు. నేను ముల్లు చూసి వేగం చెప్పాను.

బుధవారం

వాన. ట్రిప్పు లేదు. టోల్‌గేట్ కప్పు కింద కూర్చుని ఆయనకి చదవడం నేర్పడానికి ప్రయత్నించాను.

నేను చదివిన కాన్వెంటులో భోజనాల గదిలో అందరూ తింటుంటే ఒకరు నిలబడి పైకి చదవాలి. కథలో ఎవరు పుట్టినా, ఎవరు పోయినా గొంతు ఒక్కలాగే ఉండాలి. వినేవాళ్లు వాళ్లకి నచ్చినచోట ఏడుస్తారు, నువ్వు చూపించకు అనేది సిస్టర్ గొన్జాగా. ఆరేళ్లు ఆ పని నాదే. ఎవరితోనూ మాట్లాడలేని పిల్లకి అది బాగానే ఉండేది. ఈ ఉద్యోగానికి పరీక్ష పెట్టినప్పుడు, ఇంత నిలకడైన గొంతు మేము వినలేదన్నారు. నా గొంతుకి దీపం ఒక్కసారి కూడా పసుపు కాలేదు.

తడిసి ఉబ్బిన నవల ఒకటి ఆయన చేతికిచ్చాను. అందులో ఒకావిడ పెంచుకున్న కోడి చచ్చిపోతుంది. ఆయన రెండు వాక్యాలు చదివి ఆగారు.

"కోడి పోతే ఈవిడకింత ఏడుపేంటి? కూర చేసుకోక."

"చదవండి సార్."

"నీకు ఏడుపొచ్చిందా ఇది చదివితే?"

"వచ్చింది."

"అయితే నీ గొంతులో ఎందుకు రాదు?"

"రానివ్వను."

బషీర్ భాయ్ టీ తెచ్చి, తనూ చదువుతానన్నాడు. ఆయన చదివితే కోడి బతికి లేచినట్టుంది. చాలా నవ్వుకున్నారు ఇద్దరూ. క్యాప్టెన్ మళ్లీ మొదలుపెట్టారు. గురుమూర్తి గారి గొంతు అద్దాల బీరువా. లోపలున్నవన్నీ కనబడతాయి. ఒక పేజీ అయ్యేసరికి ఆయనకి కోడి మీద నిజంగానే జాలి పుట్టింది.

పుస్తకం మూసి నా ఒళ్లో పెట్టారు. "ఇది నా వల్ల కాదులే జసింతమ్మా."

గురువారం

మెరకపేటలో రెండుసార్లు ఎరుపు. మూడోది పసుపు.

బషీర్ భాయ్ రాజధానికి రేడియోలో అడిగాడు, ఇంకో క్యాప్టెన్ని పంపగలరా అని. కట్ట మీద దిగడం తెలిసినవాళ్లు ఎవరూ లేరన్నారు. కట్ట వెడల్పు తక్కువ, పక్కగాలి ఎక్కువ. గురుమూర్తి గారు చిన్నప్పుడు దాని మీద సైకిలు నేర్చుకున్నారు.

అంటే ఆయన గొంతు పోతే మెరకపేట పోయినట్టే. బషీర్ భాయ్ ఈ మాట అనలేదు. రేడియో కట్టేసి, గ్లాసులు కడగడానికి వెళ్లాడు. అవి అప్పటికే కడిగి ఉన్నాయి.

శుక్రవారం

మేము తెచ్చినవాళ్లు టోల్‌గేట్ వెనక గుట్ట మీద డేరాల్లో ఉంటున్నారు. వాళ్లని చూసే డాక్టర్ హైమవతి గారి దగ్గరికి క్యాప్టెన్ తనే వెళ్లారు. నన్ను తోడు రమ్మన్నారు.

ఆవిడ ఒక బిళ్ల ఇచ్చింది. పెద్ద పెద్ద విమానాల వాళ్లు కొందరు రహస్యంగా వేసుకుంటారట. చేతులకి, కళ్లకి ఏమీ కాదు, గొంతు మాత్రం చదునుగా అయిపోతుంది.

"ఒక్కటి గుర్తుంచుకోండి," అంది డాక్టరు గారు. "మీ గొంతే కాదు, మీ వినికిడి కూడా కాస్త చదునవుతుంది. మాటలు బాగానే వినబడతాయి. ఎదుటివాళ్లు కోపంగా అన్నారా, వేళాకోళంగా అన్నారా అన్నది తెలియదు. మొహం చూసి తెలుసుకోండి."

"మా ఆవిడ పోయి పదేళ్లయింది. నామీద కోపగించుకునేవాళ్లు ఎవరున్నారు డాక్టరు గారూ?"

"మీ అక్కగారు లేరూ?"

"అది కర్రతో కోపగించుకుంటుంది. తెలుస్తుంది."

గుట్ట దిగుతూ నేను ఆలోచించాను. విమానంలో మేము ఒకరి మొహం ఒకరు చూసుకోం. ఇద్దరం ముందుకే చూస్తాం. ఇది ఆయనతో అన్నాను కూడా. "నీ మొహంలో మాత్రం ఏముంటుంది తల్లీ, నీ గొంతులో లేనిది?" అన్నారు. నిజమే.

మధ్యాహ్నం బిళ్ల వేసుకుని వచ్చారు. మాటలు చెప్పుకున్నాం. ఆయన "ఏమీ లేదు" అనడం పూర్తి కాకముందే దీపం పచ్చ. బషీర్ భాయ్ కింద నుంచి బొటనవేలు చూపించి, పీత ఇంకో బూటు వెతుక్కుంటోందని ఏదో అన్నాడు. క్యాప్టెన్ తలూపారు. నవ్వలేదు.

శనివారం

పొద్దున ఒక ట్రిప్పు, సాయంత్రం ఒక ట్రిప్పు. రెండింటికీ పచ్చ.

సాయంత్రం కట్ట మీద నీళ్లు పాదాల దాకా వచ్చి పోతున్నాయి. అప్పలనర్సమ్మ గారు తమ్ముడి వంక అదోలా చూసింది.

"అప్పా, నువ్వెక్కు," అన్నారాయన.

"ఏటి?"

"నువ్వెక్కు అంటున్నాను."

"నిజంగా రమ్మంటన్నావా, ఊరికే అంటన్నావా? మాడిపోయిన అట్టునాగుంది నీ గొంతు. జరవొచ్చిందేటి?"

"బాగానే ఉన్నాను."

ఆవిడ నా వైపు తిరిగింది. నేను తల దించుకున్నాను. ఆవిడ కర్ర చేతులు మార్చుకుని, "రేపు మూడు తిప్పులు తిప్పీరా. మూడింటికి అందరూ అయిపోతారు, నాతో కలిపి. ఎల్లుండికి పెట్టుకోకు. తూరుపేపు రాళ్లు జారతన్నాయి," అంది. వేళాకోళం ఏమీ లేదు. ఆవిడ గొంతు సన్నగా, చిన్నపిల్ల గొంతులా ఉంది. ఆవిడ భయపడగా నేను వినడం అదే మొదటిసారి.

ఎగిరాక క్యాప్టెన్ గారితో అన్నాను. "మీ అక్కగారు భయపడుతున్నారు సార్."

"అవునా? అలా అనిపించలేదే. మూడు ట్రిప్పులంది, తిప్పుదాం."

ఆదివారం

ఇది సోమవారం రాస్తున్నాను. నిన్న రాయలేకపోయాను. చెయ్యి కట్టు కట్టి ఉంది, అక్షరాలు బాగా రావు.

మొదటి ట్రిప్పు బాగా జరిగింది.

రెండోసారి మెరకపేటలో దిగేసరికి గాలి తూర్పుకి తిరిగింది. నా వైపు, కుడివైపు, అలలు కట్టకి కొట్టుకుని జల్లు విమానం మీద పడుతోంది. జనం ఎక్కుతున్నంతసేపూ పడింది. అద్దం నేను లోపల నుంచి తుడవలేను. గాలి గొట్టానికి తొడుగు వెయ్యడానికి ఆగలేదు, ఎందుకంటే నీళ్లెక్కుతున్న కట్ట మీద ఆగకూడదు.

అప్పలనర్సమ్మ గారు తలుపు దగ్గర ఒక్కొక్కరినీ లోపలికి తోసింది. నీళ్లు ఒలకబోసుకున్న ఆయన్ని ఈసారి ఆవిడే వరస చివర నుంచి ముందుకి పిలిచింది. ఆయన ఎక్కకుండా నిలబడి, "అప్పా, నువ్వెక్కు, నాను తరవాత ఒత్తాను," అన్నాడు. "మాటలొద్దు, ఎక్కు," అని ఆవిడే తోసింది. వెనక ఇంకో ట్రిప్పు జనం మిగిలారు. ఆవిడ వాళ్లని కట్ట మీద నుంచి పక్కకి జరిపి, మాకు కర్ర ఊపింది.

"తలుపులు?"

"వేశాం."

"ఫ్లాప్స్?"

"పదిహేను."

"గీత లోపు ఏదైనా అయితే?"

"ఆగుదాం."

"గీత దాటాక?"

"ఎగురుదాం."

"మనసులో ఏమైనా?"

"ఏమీ లేదు. మీ మనసులో?"

"ఏమీ లేదు."

పచ్చ.

ఆయన పిడి ముందుకి తోశారు. విమానం పరిగెత్తింది. ఇక్కడ నేను "వేగం వస్తోంది" అనాలి, ఆయన "చూశాను" అనాలి. నా ముల్లు సున్నా మీద నుంచి లేవలేదు. గొట్టంలో ఉప్పు నీళ్లో, ఇసుకో, ఏదో చేరింది. అలాంటప్పుడు ఏమనాలో నాకు తెలుసు. నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

"నా వేగం రావడం లేదు," అన్నాను. "ఆగుదాం."

"చూశాను," అన్నారాయన.

ఆయన కళ్లు కట్ట మీద ఉన్నాయి. అంత సన్నటి రోడ్డు మీద పక్కగాలిలో అక్కడే ఉండాలి. ముల్లు చూడడం నా పని, నేను చెప్పింది వినడం ఆయన పని. ఆయన చెయ్యి పిడి మీద ఉంది. వెనక్కి లాగలేదు.

"ఆగుదాం," అన్నాను మళ్లీ. గొంతు పెంచుదామనుకున్నాను. పెంచాననే అనుకున్నాను.

కట్ట మీది తెల్ల గీత మా కింద నుంచి వెళ్లిపోయింది. ఆయన చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

ఆ తర్వాత ఆ మాట అనకూడదు. అంటే, ఆయన విని ఆపితే, అందరం నీళ్లలోకే. నేను బెల్టు ఉన్నంతవరకూ పక్కకి వంగి ఆయన ముల్లు చూడడానికి ప్రయత్నించాను. కనబడేసరికి అది లేవాల్సిన అంకె దాటిపోయింది.

"లేపుదాం," అన్నాను.

"లేచింది," అన్నారాయన. అదే క్షణంలో కట్ట చివర కాపలా రాయి ఎడమ చక్రానికి తగిలింది.

టోల్‌గేట్ దగ్గర పొట్ట మీద దిగాం. ఆయన చాలా బాగా దించారు. ఎవరూ చనిపోలేదు. కొందరికి ఎముకలు విరిగాయి. ఆయనకి పక్కటెముకలు, నాకు మణికట్టు. విమానం రోడ్డు పొడుగునా ఈడ్చుకుపోయి, ఒక రెక్క ఊడి, రెండో లేనులో అడ్డంగా ఆగింది.

దీపం మొదటి నుంచి చివరిదాకా పచ్చగానే ఉంది. ఆగాక కూడా కాసేపు పచ్చగా ఉండి, తర్వాత ఆరిపోయింది.

బుధవారం

విచారణకి ఒకావిడ వచ్చింది. చిన్న విమానంలో వచ్చింది. ఇద్దరు మాత్రమే పట్టేది. బషీర్ భాయ్ దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, దాని పైలట్‌ని అడిగాడు, మెరకపేట కట్ట మీద దించగలవా అని. "నేనా?" అన్నాడతను. బషీర్ భాయ్ వచ్చి కూర్చున్నాడు.

ఆవిడ తెల్ల చెప్పులు మెట్టు దగ్గర విడిచి నా గదిలోకొచ్చి, చెవిలో నిలవున్న మా మాటలు వినిపించింది. నా గొంతు నేను బయటి నుంచి వినడం అదే మొదలు.

"గీత లోపు ఏదైనా అయితే?" అంటున్నారు ఆయన. "ఆగుదాం," అంటున్నాను నేను. కాసేపటికి ఇంజన్ల హోరు. హోరులో మళ్లీ, "ఆగుదాం." మళ్లీ, "ఆగుదాం." మూడూ ఒక్కలా ఉన్నాయి. ఏది అడిగినందుకు చెప్పిన జవాబో, ఏది నిజంగా ఆపమన్నదో నాకే తెలియలేదు.

"మీ ఇద్దరి తప్పూ ఏమీ లేదు," అంది ఆవిడ. "మాటలు క్రమంలో ఉన్నాయి. చెప్పాల్సింది చెప్పారు. గొంతుల్లో బెరుకు లేదు."

"నేను ఆగుదాం అన్నాను మేడమ్."

"అన్నారు. రెండుసార్లు అన్నారు, రాసుకున్నాను." కాగితాలు సర్దుకుంటూ ఆగింది. "మీ అభ్యంతరం లేకపోతే ఈ రికార్డు కొత్తగా చేరే రెండో గొంతుల శిక్షణకి వాడుకుంటాం. ప్రమాదంలో కూడా ఇంత నిలకడ ఎవరికీ ఉండదు."

అభ్యంతరం ఉందని చెప్పాలనుకున్నాను. ఏమన్నానో సరిగా గుర్తులేదు. వాడుకోండి అన్నాననుకుంటాను.

ఇంకో విమానం ఎప్పుడొస్తుందని బషీర్ భాయ్ అడిగాడు. దీన్ని రోడ్డు మీద నుంచి తీశాక, గాలి తగ్గాక, కట్ట మీద దిగగలిగే మనిషి దొరికాక అంది. ఆవిడ అబద్ధం చెప్పే మనిషిలా లేదు.

గురువారం

క్యాప్టెన్ గారు బిళ్ల మానేశారు. గదిలో మంచం మీద పడుకుని ఉన్నారు. పక్కటెముకలకి కట్టు. నీళ్లు కావాలని అడగడానికి కూడా గొంతు వణుకుతోంది. గ్లాసు పట్టుకుని పక్కన కూర్చున్నాను.

"నువ్వన్నది విన్నాను తల్లీ," అన్నారు. "రెండుసార్లూ విన్నాను."

నేను గ్లాసు కింద పెట్టాను.

"రోజూ అన్నట్టే అన్నావు. రోజూ చూశాను అన్నట్టే అన్నాను."

"గట్టిగా అనాల్సింది సార్."

"నువ్వు గట్టిగా అన్నా నాకు వినబడేది కాదు. బిళ్ల వేసుకున్నాను కదా." తర్వాత, "నేను బిళ్ల వేసుకోకపోతే మనం అసలు కదిలేవాళ్లమే కాదు," అన్నారు. అటు నుంచి చూసి, ఇటు నుంచి చూసి, ఆ లెక్క ఎక్కడా తెగలేదు. ఆయన గోడ వైపు తిరిగారు.

రేడియోలో అప్పలనర్సమ్మ గారు ఉన్నారని బషీర్ భాయ్ పిలిచాడు. క్యాప్టెన్ లేవలేరు కాబట్టి నేను వెళ్లాను.

"ఏటమ్మా, ఇమానం బాగయ్యిందా?"

"ఇంకా లేదండీ."

"ఎప్పుడికి?"

నేను చెప్పాను, ఇంకో విమానం రావాలని, గాలి తగ్గాలని.

"నీ గొంతు ఇంటే ఏటీ నేనట్టే ఉంటాది," అంది. "మంచి గొంతు. ఈల్లందరికీ ఇనిపించాను. బయపడకండ్రా, ఆ గుంట ఎంత నిదానంగా సెప్తందో సూడండి అన్నాను." కాసేపు హోరు. "మావోడెలాగున్నాడు?"

"కోలుకుంటున్నారు."

"దెబ్బలాడకుండా పడుకోమను."

శుక్రవారం

పొద్దున రేడియో పలకలేదు. బషీర్ భాయ్ బ్యాటరీ అయిపోయి ఉంటుందన్నాడు. గంటగంటకీ పిలుస్తున్నాడు. మధ్యమధ్య నన్ను పిలవమంటున్నాడు, నా గొంతు దూరం పోతుందని.

నేను పిలిచాను. మెరకపేట, టోల్‌గేట్. మెరకపేట, టోల్‌గేట్. ఒకసారి గట్టిగా పిలవడానికి ప్రయత్నించాను. బషీర్ భాయ్ తలెత్తి చూడలేదు కాబట్టి అది గట్టిగా లేదని అర్థమైంది.

డేరాల్లోంచి, నీళ్లు ఒలకబోసుకున్న ఆయన వచ్చి రేడియో గది గుమ్మంలో కూర్చున్నాడు. ఎవరూ ఏమీ అనకపోయినా రోజంతా అక్కడే ఉన్నాడు. సాయంత్రం టీ ఇస్తే తాగాడు.

వాన లేని పూట టోల్‌గేట్ కప్పు ఎక్కితే మెరకపేట కనిపిస్తుంది. ఇవాళ వాన లేదు, అయినా మాలో ఎవరూ ఎక్కలేదు.